గోనె బిగించిన రొట్టెల పీట

గౌరవ్వ కొడుకు పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, పాత చీరముక్కలో చుట్టి తెచ్చిన ఒక పీటను నా ముందు పెట్టాడు. నా చిన్నతనంలో రాయచూరు గల్లీలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్క గోడే ఉండేది. ఇప్పుడా ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నారట, అటక దులుపుతుంటే ఇది దొరికిందట. "ఇది మీ అమ్మది అక్కా. మా అమ్మ ఉన్నన్ని దినాలు జెప్తనే ఉండె, గా పీట వాళ్ళకిచ్చి రారా అని. నాకే యాది లేకపాయె," అన్నాడు. పత్తి మిల్లుల పక్కన పెరిగినవాడు కదా, గొంతు పెద్దది. వంటింటి గుమ్మంలోంచి మా కోడలు సవిత పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. నేను పడుకునే వేళ అది. ఆయన టక్కున గొంతు తగ్గించి, ఏదో తప్పు చేసినవాడిలా కుర్చీ అంచుకు జరిగి, చాయ్ కూడా చప్పుడు కాకుండా తాగి వెళ్ళిపోయాడు. పాపం, అరవై దాటిన మనిషి.

పీటను తిరగేసి చూశాను. కింద రెండు మడతల గోనెపట్టా, చుట్టూ చెప్పులు కుట్టేవాళ్ళు వాడే బుడ్డ మేకులు. కొన్ని వంకరపోయాయి. అవన్నీ మా అమ్మ కొట్టినవే. మేకులు కొడితే చప్పుడవుతుందని పీటను గౌరవ్వ వాళ్ళింటికి తీసుకుపోయి అక్కడ కొట్టుకొచ్చింది. చప్పుడు కాని పీట కోసం పక్కింట్లో అంత చప్పుడు చేసిన మనిషి మా అమ్మ. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ గోనె మీద చెయ్యి పెట్టాను, పెట్టేసరికి పదకొండేళ్ళ పిల్లనై ఆ ఇంట్లో మళ్ళీ ఇరుక్కుపోయాను. ఎంత వద్దనుకున్నా ఆ మధ్యాహ్నం బయటికి రాలేకపోయాను.

మా నాయిన పత్తి గింజ తీసే మిల్లులో ఫిట్టరు. పత్తి బండ్లు ఊళ్ళోకి దిగడం మొదలైతే మిల్లు రాత్రీ పగలూ ఆడేది, నాయినకు రాత్రి పాళి పడేది. తెల్లారి మిల్లు కూత వేశాక ఇంటికొచ్చేవాడు. తల మీద, కనుబొమల మీద, చెవుల్లో కూడా తెల్లటి పత్తి నూగు. ఆయన వస్తే ఇంట్లోకి గింజల నూనె వాసన, మిషను గ్రీజు వాసన కలిసి వచ్చేవి. అమ్మ వేడినీళ్ళు తోడితే పోసుకుని, ఇంత తిని, నడింట్లో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇక అప్పట్నించి పొద్దు వాలేదాకా మా ఇంట్లో మనుషులున్నట్టు గాలికి కూడా తెలియకూడదు. వానలు పడి, పత్తి అయిపోయి, ఆయనకు పగటి పాళి వచ్చేదాకా నెలల తరబడి అదే బతుకు. అలాంటివి ఆరేళ్ళు.

నాయిన కోపిష్టి కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఒక్కసారీ మా మీద చెయ్యెత్తలేదు, అరవలేదు. చప్పుడైతే లేచి మంచం అంచున కూర్చునేవాడు, ఎర్రటి కళ్ళతో కాసేపు నేల చూసేవాడు, "ఏం లేదు, ఏం లేదు, ఆడుకోన్రి" అని మళ్ళీ పడుకునేవాడు. అంతకన్నా ఒక దెబ్బ వేసి ఉంటే బాగుండేది. భయం పెట్టిందంతా అమ్మ. మిల్లులో ఎవరో కునుకు తీసి రోలర్ల మధ్య చెయ్యి పెట్టాడని, మోచేతి దాకా పోయిందని విని వచ్చిన రోజు నుంచి ఆమెకు మతి నిలవలేదు. నన్నూ చెల్లెనూ వెనకింట్లో గోడకు ఆనించి నిలబెట్టి, గుసగుసగా చెప్పింది: "మీ నాయిన నిద్ర చెడితే ఏమైతదో ఎర్కేనా? గా రాత్రి మిషన్ల చెయ్యి పోతది. చెయ్యి పోతే మనం ఏం తింటం? సప్పుడు జేసినోళ్ళే గా చెయ్యి తీసినట్టు. ఎర్కుంచుకోన్రి." నాకప్పుడు ఆరో ఏడు. చెల్లెకు మూడు.

ఆ రోజే మా పట్టీలు ఊడిపోయాయి. గోడగడియారం లోలకం ఆగిపోయింది. నల్లా కింద బకెట్లో నీళ్ళు పడితే చప్పుడని నల్లా మూతికి గుడ్డపేలిక కట్టి వేలాడదీసింది, నీళ్ళు దాని మీదుగా జారి దిగేవి. తలుపు బందులకు ఆముదం. సరుకులమ్మేవాళ్ళు కేకేసేలోపలే గల్లీ మూలకు ఉరికి, రెండు చేతులూ జోడించి వాళ్ళను వెనక్కి తిప్పేది. రేకుల మీద కాకి వాలితే తువ్వాలు గిరగిరా తిప్పేది. నోటితో అదిలించకూడదు కదా. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆమె గాజులు. మొగుడున్న ఆడది గాజులు తియ్యకూడదు, ఉంచితే గలగలమంటాయి. అందుకని గాజులన్నీ మోచేతి వైపు తోసి పాత చీర అంచుతో గట్టిగా చుట్టేది. సాయంత్రం విప్పితే చేతి మీద ఎర్రగా గీతలుండేవి. గౌరవ్వ చూసి గుండెలు బాదుకుంది. "ఏమే, బంగారమసుంటి గండణ్ణి ఇంట్ల పెట్టుకొని గాజులకి గుడ్డ కడ్తావా? తగియే దాన్ని, తగి!" అని, మొగుణ్ణి గండడనే తన కన్నడంలో, ఆ గుడ్డ తీసెయ్యమని. అమ్మ వినలేదు.

ఇక పిల్లలం మేమెట్లా ఉండేవాళ్ళమో చెప్పాలా? సెలవు రోజుల్లో చెల్లే నేనూ వెనకింట్లో షాబాదు బండల మీద ఎదురెదురుగా కూర్చుని అరచేతిలో వేలితో రాసుకుని మాట్లాడుకునేవాళ్ళం. దానికి అక్షరాలు రాక బొమ్మలు గీసేది. నవ్వొస్తే బొంతలో మొహం దూర్చేవాళ్ళం, దగ్గొస్తే పెరట్లోకి ఉరికేవాళ్ళం. బయట ఆడుకోనిచ్చేది కాదు, గోడ అవతల మా గొంతే వినపడుతుందని. గల్లీలో పిల్లలంతా గోల చేస్తుంటే ఆ గోలను నేను అసూయతో వినేదాన్ని. నాకా ఇల్లు జైలే. ఎవరో తాళం వేసిన జైలైతే తిట్టుకోవచ్చు. ఎవర్ని తిట్టాలో కూడా తెలియని జైలు అది. నాయినంటే నాకు ప్రాణం, ఆయన చెయ్యేమో నా కాలి కింద పెట్టినట్టుండేది. అడుగు తీసి అడుగు వేయాలంటే వణుకు.

అన్నీ ఆపింది కానీ అమ్మ రొట్టెను ఆపలేకపోయింది. జొన్నరొట్టె ఒత్తేది కాదు, కొట్టేది. పిండిముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో తట్టుతూ తిప్పుతూ తట్టాలి. మా వైపు ఏ గల్లీలోకి వెళ్ళినా వంటవేళ ఇంటింటా ఆ తపతప వినిపిస్తుంది. నాయిన లేచేసరికి రొట్టె వేడిగా ఉండాలని అమ్మ పట్టు. లేచాక చేస్తే ఏం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు, కానీ ఆమె పట్టు ఆమెది. అందుకే పీట కింద గోనె. గోనె వేసినా చప్పుడు చప్పుడే, కొంచెం బొంగురుపోయిందంతే. నాయిన లేచి మంచం అంచున కూర్చున్నాడు. ఆ మర్నాటి నుంచి అమ్మ పిండీ పీటా పట్టుకుని గౌరవ్వ ఇంటికే పోయి, అక్కడ వెనక పొయ్యి మీద రొట్టెలు కాల్చి, గుడ్డలో చుట్టుకుని పరుగున వచ్చేది. పీట అక్కడే ఉండిపోయింది. "నిద్ర మీ ఇంట్ల, సద్దు నా ఇంట్ల. నడిపియ్యి," అనేది గౌరవ్వ. నాయిన లేచి కాళ్ళు కిందపెట్టగానే అమ్మ రోజూ ఒకే మాట అడిగేది: "నిద్ర పట్టిందా?" ఆయన రోజూ ఒకే జవాబు: "మస్తు పట్టింది." అప్పుడు అమ్మ గాజుల గుడ్డ విప్పేది. మాకూ నోళ్ళు విడుదలయ్యేవి.

నాకు పదకొండేళ్ళప్పుడు ఇడపనూరులో మా పెద్దమ్మకు బాగా లేదని కబురొస్తే అమ్మ పొద్దున బస్సుకు పోయింది. మధ్యాహ్నానికి వస్తానంది, రాలేదు. బస్సు చెడిపోయిందని తరవాత తెలిసింది. గౌరవ్వ ఇంటికి తాళం, వాళ్ళంతా జాతరకు పోయారు. పొద్దుటి రొట్టెలు చెల్లె ఎప్పుడో తినేసింది. ఎండ నడినెత్తి దాటాక దానికి మళ్ళీ ఆకలేసింది. ఏడుపు మొదలైతే నోరు మూశాను. మూసిన చేతిలోకే ఏడ్చింది. అది ఎంతసేపు అట్లా ఏడుస్తుంది? పొయ్యి రాజేశాను. పిండి కలిపాను. పీట తాళం వేసిన ఇంట్లో ఉంది, అందుకని వెనకింటి బండ మీదే మొదటి ముద్ద పెట్టాను. ముందు నెమ్మదిగా వేళ్ళతో నొక్కాను, విరిగిపోయింది. రెండోదీ విరిగింది. మూడోదాన్ని అమ్మలా కొట్టాను. వచ్చింది! గుండ్రంగా, పలచగా, నా చేతికింద తిరుగుతూ పెద్దదైంది. నిజం చెప్పాలి, ఆ చప్పుడు నాకెంత సంతోషమనిపించిందో! అన్నేళ్ళుగా ఆ ఇంట్లో నేను చేసిన మొదటి చప్పుడు. చెల్లె ఏడుపు మానేసి చప్పట్లు కొట్టింది. ఏడు రొట్టెలు చేశాను. ఏడోది పెనం మీద వేశాక అప్పుడు గుర్తొచ్చింది నడింట్లో నాయిన.

పాకుతూ వెళ్ళి చూశాను. గోడవైపు తిరిగి, కదలకుండా. లేచి కూర్చోలేదు. చప్పుడు విని కూడా మమ్మల్ని భయపెట్టకూడదని అట్లా పడుకున్నాడనుకున్నాను. అమ్మ వచ్చేసరికి పొద్దు గుంకబోతోంది. రోజూ ఆ పాటికి చొక్కా వేసుకుని తయారుగా ఉండే మనిషిని ఆ రోజు అమ్మ తట్టి లేపింది. కళ్ళు ఉబ్బి, ఎర్రబడి, ఎక్కడున్నాడో తెలియనట్టు చూశాడు. ఆ కళ్ళు చూసి నా పని అయిపోయిందనుకున్నాను. ఆదరాబాదరాగా మూడు రొట్టెలు తిన్నాడు. "నువ్వే కొట్టినవా బిడ్డా? మీ అమ్మ రొట్టె గూడ గింత మెత్తగ ఉండది," అని నా తల మీద చెయ్యి పెట్టి మిల్లుకు పోయాడు. ఆ హడావిడిలో అమ్మ తన మాట అడగడం మరిచింది.

తెల్లవారకముందే ఇద్దరు మనుషులొచ్చారు. ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయని, ప్రాణానికి భయం లేదని, ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నా భుజాలు పట్టుకుంది. "నిన్న పగటీలి నిద్రపోయిండా? సక్కగ పండుకున్నడా?" "పండుకున్నడు," అన్నాను. అమ్మ వెనకింట్లోకి వెళ్ళింది. బండ మీద జొన్నపిండి తెల్లగా ఎండి అంటుకుని ఉంది. ఆమె తడిగుడ్డ తెచ్చి బండ తుడిచింది, నావైపు ఒక్కసారి చూసింది, ఆస్పత్రికి పోయింది. అంతే. ఆ తరవాత ఆమె బతికున్నన్నాళ్ళూ దాని గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఏడ్చి, కాళ్ళ మీద పడి, ఎట్లాగో బయటపడేదాన్ని. ఆ చూపులో పెట్టి నన్ను మూసేసింది.

నాయినను మిల్లు గేటు దగ్గర పగటి పనిలో వేశారు. మా ఇంట్లో చప్పుడుకు సెలవు దొరికింది. గడియారం మళ్ళీ ఆడింది, చెల్లె పట్టీలు వేసుకుంది. అమ్మ కొత్త పీట కొనుక్కుంది. పాతది గౌరవ్వ ఇంట్లోనే ఉండనీ, మళ్ళీ పాళి మారితే ఎట్లా అంది. అందరూ హాయిగా రాత్రుళ్ళు నిద్రపోతుంటే నాకు నిద్ర పోయింది. అప్పుడు పోయింది, ఇప్పటికీ సరిగా రాలేదు. పడుకోగానే నా చెవులు పనికి దిగుతాయి. పక్కింటి నల్లా చుక్క, ఫ్రిజ్ గురగుర, వీధి చివర స్కూటరు. దూది పెట్టుకుంటే నా గుండె నాకే వినిపిస్తుంది, అదింకో గోల. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, అరవై మంది పిల్లలు నెత్తినెక్కి అరిచినా తలనొప్పి కూడా రాలేదు. పక్క మీద ఒరిగితేనే ఈ శని. ఇంకొకటి, ఆ రోజు తరవాత నేను రొట్టె కొట్టలేదు. రాయచూరు కోడలు, రొట్టె కొట్టదు! మా అత్తగారింట్లో ఎన్ని మాటలన్నారో. టీచరమ్మకు చెయ్యి నొస్తదా అని ఆడబిడ్డలు మూతులు తిప్పేవాళ్ళు. చపాతీలు ఒత్తాను, అన్నం వండాను, తరవాత తరవాత రొట్టెల దుకాణాలొచ్చి నా పరువు కాపాడాయి.

అమ్మ పోయాక నాయిన నా దగ్గరే ఉన్నాడు. ఒకరోజు దుకాణం రొట్టె తుంచుతూ అడిగాడు: "నువ్వు రొట్టె కొట్టవేంది బిడ్డా? గప్పుడు ఒక్కపారి కొట్టినవ్, నాకింక యాదుంది." నాకు దుఃఖం ఆగలేదు. నలభై ఏళ్ళకు దగ్గర పడ్డ మూట ఆయన కంచం ముందే విప్పేశాను. ఆయన తినడం మానేసి, రెండు వేళ్ళు లేని చేతిని ఒళ్ళో పెట్టుకుని నన్ను చూశాడు. "పిచ్చిదానా! గా దినం ఒక్కటే నేను నిద్రపోయింది. మా అమ్మ రొట్టె కొడుతుంటే పొయ్యి పక్కన పండేటోన్ని చిన్నప్పుడు. మీ అమ్మ గోనె మీద బెదురుకుంట కొడితే లేసి కూసుంటి, నువ్వు బండ మీద బెదురు లేకుంట కొట్టినవ్. గా సప్పుడు ఇన్న, ఒళ్ళు ఇడిసిన. మీ అమ్మ లేపెదాంక సోయి లేదు." మరి మిగతా రోజులు? "ఏడ నిద్ర? మీరందరు ఊపిరి బిగవట్టుకుంటే నాకేం నిద్రొస్తది? ఇప్పుడు సప్పుడైతది, ఇప్పుడైతదని ఇనుకుంట పండేది. జర అయితే లేసి కూసుంటుంటి." వేళ్ళ సంగతి అడిగాను. "మిషన్ పట్టా అతుకు తెగి కొట్టింది. గది తెగేదే, ఎవరున్నా తెగేదే. గా రాత్రి నా కండ్లు మస్తు తేటగుండె."

సంతోషించాలా? ఒళ్ళు మండింది. నా నిద్ర, నా చేతి రొట్టె, నా బాల్యం అన్నీ కళ్ళముందు తిరిగి, ముసలివాడని కూడా చూడకుండా గట్టిగా అరిచాను: "మరి చెప్పరాదా నాయినా? ఆరేండ్లు మమ్మల్ని అట్ల సంపితివి కద! రొట్టె సప్పుడుకే నిద్రొచ్చిందని తెలిసినంక అయినా చెప్పరాదా?" ఆయన తల వంచుకున్నాడు. "ఎట్ల జెప్పాలె బిడ్డా? చేతులు ఎర్రగైతుండె ఆమెకు, గాజులు కట్టి కట్టి. దినాం అడుగుతుండె, నిద్ర పట్టిందా అని. లేదంటే ఆమె మొగం ఎట్లయితదో నాకెర్క. ఆమె పోయినంక గాని నోరు రాలే." ఆయన ఆమె కోసం అబద్ధమాడాడు, ఆమె ఆయన కోసం గాజులు కట్టుకుంది, వాళ్ళిద్దరి నడుమ మేము నోరు మూసుకుని పెరిగాము. ఆయన మీద కోపం నాకు పూర్తిగా పోలేదు. మరో రెండేళ్ళకు ఆయనా పోయాడు.

పీట వచ్చిన మర్నాడు మధ్యాహ్నం గది తలుపు దగ్గరకు వేసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు. ఇదివరకు ఆ నిశ్శబ్దం నా హక్కనుకునేదాన్ని. ఆ రోజు మొదటిసారి దాన్ని విన్నాను. నీళ్ళు తాగుదామన్న వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళాను. మిక్సీ కింద నాలుగు మడతల దుప్పటి ముక్క. నేను వెయ్యమనలేదు. మనవరాలు మూలన కూర్చుని శబ్దం తీసేసిన ఫోనులో బొమ్మలు చూస్తోంది, నవ్వొచ్చినప్పుడల్లా గౌను ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంటోంది. కాళ్ళకు పట్టీలు లేవు. వాటిని నేనే తీయించాను, రెండేళ్ళ కిందట, ఏదో చిన్న విషయమన్నట్టు. సవిత లింగసుగూరు పిల్ల, పుట్టింట్లో ఒక్క చేత్తో ఇరవై మందికి రొట్టెలు కొట్టిందని వాళ్ళమ్మ గొప్పగా చెప్పింది. నా ఇంటికొచ్చి ఆరేళ్ళయింది. ఒక్కనాడూ ఆ చప్పుడు నేను వినలేదు. రోజూ నాలుగింటికి చాయ్ తెచ్చి, "నిద్ర పట్టిందా అత్తమ్మా?" అంటుంది. నేను "పట్టింది" అంటాను. ఎన్ని రోజులు నిజంగా పట్టిందో లెక్కపెట్టాలంటే నాకు వేళ్ళు ఎక్కువే.

పట్కారు తెచ్చుకుని వరండాలో కూర్చున్నాను. మేకులు తుప్పుపట్టి మొండికేశాయి. గోనె చీలికలుగా ఊడొచ్చింది, దాంతోపాటు ఏనాటిదో పిండి పొడిగా రాలింది. ఊడదీస్తుంటే ఏడ్చాను, దాచను. అమ్మ చేతులు గుర్తొచ్చాయి. తరవాత పీట కడిగి, ఎండబెట్టి, మరుసటి రోజు మధ్యాహ్నం సరిగ్గా నేను పడుకునే వేళకు సవిత ముందు పెట్టాను. "జొన్నపిండి ఉందా? రొట్టె కొట్టు," అన్నాను. ఆమె బిత్తరపోయింది. "ఇప్పుడా అత్తమ్మా? వద్దు, మీకు నిద్ర చెడతది. దుకాణం నుంచి తెప్పిస్త." "కొట్టు తల్లీ. మెల్లగ గాదు, మీ అమ్మ ఇంట్ల ఎట్ల కొట్టినవో అట్ల." మనవరాలి పట్టీలు డబ్బాలోంచి తీసి దాని కాళ్ళకు నేనే పెట్టాను. అది నమ్మలేనట్టు ఒక అడుగు వేసి, ఆగి, నా మొహం చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను మా అమ్మను అట్లాగే చూసేదాన్ని.

గదిలోకి పోయి తలుపు తెరిచే ఉంచి పడుకున్నాను. మొదట ఒక దెబ్బ, భయంభయంగా. ఆగింది. తరవాత రెండు. తరవాత చెయ్యి సాగింది, తపతప, తపతప, మధ్యలో పీట మీద ముద్ద తిరిగే జర్రుమనే శబ్దం, దాని వెనకాల ఇల్లంతా ఉరికే పట్టీలు. మా నాయిన ఒళ్ళు విడిచిన చప్పుడు ఇదే కదా, నాకూ పడుతుందేమో అని ఆశపడ్డాను. ఒక్క కునుకు లేదు. ప్రతి దెబ్బా చెవిలో పడింది. రొట్టెలు లెక్కపెట్టాను, ఎనిమిది. నాలుగింటికి సవిత చాయ్, వేడి రొట్టె తెచ్చి పక్కన పెట్టి, చీర కొంగుకు పిండి చేతులు తుడుచుకుంటూ భయపడుతూనే అడిగింది: "నిద్ర పట్టిందా అత్తమ్మా?"

"లేదు," అన్నాను. "రేపు గూడ కొట్టు."